ముందు ఆర్పడం రాయండి: డ్రైవర్‌లో పవర్, క్లాక్, రీసెట్ వరస

పది బూట్‌లలో తొమ్మిదిసార్లు టచ్ ప్యానెల్ బుద్ధిగా పనిచేసేది. పదోసారి స్క్రీన్ వెలిగేది గానీ వేలు పెడితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. లాగ్‌లో ఒక్కటే లైన్: ఐ2సీ రీడ్ ఫెయిల్, మైనస్ 121. ఐ2సీ అంటే చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి. రెండు రోజులు బస్సునే, అంటే ఆ తీగల దారినే, అనుమానించాను. పుల్‌అప్ రెసిస్టర్లు మార్చాను, వేగం 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కి దించాను. మూడో రోజు ఆసిలోస్కోప్ తెచ్చి ఒక ప్రోబ్ రీసెట్ లైన్ (చిప్‌ని మొదటి స్థితిలో పట్టి ఉంచే తీగ) మీద, రెండోది ఇంటరప్ట్ లైన్ (చిప్ ప్రాసెసర్‌ని పిలిచే తీగ) మీద పెట్టాను. చిప్ పలుకుతూనే ఉంది, కాకపోతే వేరే అడ్రస్‌లో. మేము తట్టేది ఒక తలుపు, అది ఉండేది పక్కింట్లో.

ఆ చిప్, మనం రీసెట్ వదిలిన క్షణంలో, ఇంటరప్ట్ పిన్ పైన ఉందా కింద ఉందా (అంటే దాని మీద వోల్టేజీ ఉందా లేదా) చూసుకుని, దాన్ని బట్టి తన ఐ2సీ అడ్రస్ తీసుకుంటుంది. మా డ్రైవర్ (చిప్‌ని నడిపే కెర్నల్ కోడ్) ఆ పిన్‌ని గాలికి వదిలేసి రీసెట్ ఎత్తేసేది. ఆ డ్రైవర్ రాసింది నేనే కాబట్టి తిట్టుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

లినక్స్ కెర్నల్‌లో గూడిక్స్ టచ్ డ్రైవర్ తెరిస్తే ఇలాంటి చిప్‌ని లేపే పద్ధతి అంతా అక్కడే కనిపిస్తుంది. రీసెట్‌ని కిందికి లాగి 20 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఇంటరప్ట్ పిన్‌ని కావలసిన అడ్రస్‌కి తగ్గట్టు నిలబెడుతుంది: కింద ఉంటే హెక్స్ 5డీ, పైన ఉంటే హెక్స్ 14. కనీసం 100 మైక్రోసెకన్లు ఆగి రీసెట్ వదులుతుంది. వదిలాక కూడా 5 మిల్లీసెకన్లకు పైగా ఆ పిన్‌ని కదలనివ్వదు. నాలుగు అడుగులే, కానీ ఏ రెండు తారుమారైనా కథ మొదటికొస్తుంది.

కెర్నల్‌లో వోల్టేజీకి రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, గడియారానికి కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, రీసెట్‌కి 2013లో 3.10తో వచ్చిన రీసెట్ కంట్రోలర్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, బోర్డు మీది తీగలకు జీపీఐఓ (కోడ్ పైకీ కిందికీ కదపగల పిన్‌లు) ఉంది. వీటిలో ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. మీరు క్లాక్ ఆపితే రీసెట్ ఫ్రేమ్‌వర్క్ అడ్డుచెప్పదు, వోల్టేజీ రాకముందే రీసెట్ వదిలితే రెగ్యులేటర్ గగ్గోలు పెట్టదు. ఆ నాలుగింటినీ ఒక వరసలో నడపడం డ్రైవర్ రాసేవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. నేను ఇప్పుడు ఆ వరస ఎలా రాస్తానో చెబుతాను.

ముందు కాగితం

చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో పవర్-అప్ టైమింగ్ బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని చూసి నేరుగా కోడ్ రాయను. మూడు గడులు గీసి ఎక్కిస్తాను: ఏ సంఘటన, దేని తర్వాత, కనీసం ఎంత సేపు. బొమ్మలో కనీస విలువ, మామూలు విలువ అని రెండు ఉంటే కనీసమే ఒప్పందం. ఇక "గరిష్ఠం" అని రాసి ఉంటే అది సాధారణంగా చిప్ తనకు పట్టే సమయం గురించి చెబుతోంది, అంటే మనం కనీసం అంతసేపు ఆగాలి. ఈ తేడా పట్టించుకోకపోతే ల్యాబ్‌లో పనిచేసిన కోడ్ వేడెక్కిన బోర్డు మీద పనిచేయదు.

కొన్ని చిప్‌లు సమయాన్ని మిల్లీసెకన్లలో కాకుండా గడియారపు టిక్కుల్లో అడుగుతాయి. ఆమ్నివిజన్ కెమెరా సెన్సర్లు చాలావాటికి రీసెట్ వదిలాక 8192 క్లాక్ సైకిళ్లు గడిస్తేగానీ మొదటి రిజిస్టర్ (చిప్ లోపలి సెట్టింగ్ గడి) ముట్టుకోకూడదు. 24 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 341 మైక్రోసెకన్లు. అదే సెన్సర్‌కి మరో బోర్డులో 19.2 మెగాహెర్ట్జ్ ఇస్తే 427 అవుతుంది. అందుకే ఆ అంకెను కోడ్‌లో పాతిపెట్టకుండా క్లాక్ రేటు చదివి లెక్కకట్టండి.

టేబుల్‌లో ఇంకో గడి కూడా వేస్తాను: ఆ క్షణంలో మిగతా పిన్‌లు ఎలా ఉండాలి. టచ్ ప్యానెల్ దగ్గర నాకు తప్పింది ఈ గడే.

తర్వాత ఆర్పడం

అందరూ పవర్-ఆన్ ఫంక్షన్‌తో మొదలుపెడతారు. నేను పవర్-ఆఫ్ ముందు రాస్తాను. ఆర్పాక చిప్ ఏ స్థితిలో ఉంటుందో, వెలిగించడం సరిగ్గా అక్కడినుంచే మొదలవ్వాలి. ముగింపు తెలియకుండా మొదలు రాస్తే, ఆన్ ఫంక్షన్ "బూట్‌లోడర్ అంతా శుభ్రంగా వదిలి ఉంటుంది" అనే నమ్మకం మీద నడుస్తుంది. బూట్‌లోడర్ (కెర్నల్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) దేన్నీ శుభ్రంగా వదలదు. స్ప్లాష్ స్క్రీన్ కోసం ప్యానెల్ వెలిగించి, అలాగే కెర్నల్ చేతిలో పెడుతుంది.

ఆర్పే వరస ఇలా ఉంటుంది. మొదట చిప్‌తో నడుస్తున్న పని ఆపాలి: డీఎంఏ (చిప్ మెమరీతో నేరుగా డేటా మార్చుకోవడం), టైమర్లు, వర్క్‌క్యూలు (తర్వాతకి వాయిదా వేసిన పనులు), ఇంటరప్ట్. తర్వాత రీసెట్ పట్టాలి. తర్వాత క్లాక్ ఆపాలి. చివరికి వోల్టేజీలు, వెలిగించిన దానికి ఎదురు వరసలో.

రీసెట్ పట్టకుండా నేరుగా వోల్టేజీ తీసేస్తే ఏమవుతుందని అడుగుతారు. పిన్‌ల లోపల రక్షణ డయోడ్లు ఉంటాయి. చిప్ సరఫరా సున్నాకి పడి, రీసెట్ లైన్ మాత్రం 1.8 వోల్టుల దగ్గరే నిలిచి ఉంటే, ఆ డయోడ్ గుండా కరెంటు దొంగదారిలో చిప్‌లోకి పోతుంది. చిప్ పూర్తిగా చావదు, పూర్తిగా బతకదు. తర్వాత మళ్లీ వోల్టేజీ ఇస్తే అది సున్నా నుంచి ఎక్కదు కాబట్టి లోపలి పవర్-ఆన్ రీసెట్ సర్క్యూట్ కదలకపోవచ్చు. అందుకే చిప్‌కి కరెంటు లేనప్పుడు దానికి వెళ్లే పిన్‌లన్నీ కిందే ఉండాలి. డేటాషీట్ వేరే చెబితే డేటాషీట్ మాటే నెగ్గుతుంది.

కెపాసిటర్లు ఖాళీ కావడానికి కూడా సమయం పడుతుంది. ఆర్పిన వెంటనే వెలిగిస్తే వోల్టేజీ సగానికి దిగి మళ్లీ ఎక్కుతుంది. ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌కి డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఆఫ్-ఆన్-డిలే-యూఎస్ అనే ప్రాపర్టీ ఉంది. ఆగే పనిని డ్రైవర్‌లో కంటే అక్కడ పెట్టడమే మేలు, ఎందుకంటే కెపాసిటర్ బోర్డుది, డ్రైవర్‌ది కాదు.

ఒకే రెగ్యులేటర్‌ని నలుగురు వాడుకుంటుంటే మీరు డిసేబుల్ పిలిచినంత మాత్రాన అది ఆరిపోదు, లెక్క ఒకటి తగ్గుతుందంతే. "నేను ఆర్పాను కాబట్టి చిప్ కొత్తగా లేస్తుంది" అనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద భ్రమ. రీసెట్ తీగ ఉన్నది అందుకే.

ఇక వెలిగించడం

మొదటి అడుగు ప్రోబ్‌లోనే (డ్రైవర్ చిప్‌ని అందుకునేటప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్), రీసెట్ జీపీఐఓ అడిగేటప్పుడే పడుతుంది. దాన్ని జీపీఐఓడి_అవుట్_హై తో అడగండి. ఇక్కడ హై అంటే పిన్ మీద వోల్టేజీ అనుకోకండి, "రీసెట్ పట్టి ఉంది" అని అర్థం. డివైస్ ట్రీలో జీపీఐఓ_యాక్టివ్_లో అని రాసి ఉంటే, కోడ్‌లో 1 రాసినప్పుడు తీగ కిందికి దిగుతుంది. డ్రైవర్‌కి తీగ దిశతో పని లేదు: 1 అంటే పట్టు, 0 అంటే వదులు. ఈ చిన్న సంగతిని తలకిందులు చేసిన డ్రైవర్లు లెక్కలేనన్ని చూశాను. కోడ్‌లో 0 రాసి పట్టడం, 1 రాసి వదలడం, ఆ తప్పు కప్పడానికి డివైస్ ట్రీలో యాక్టివ్_హై అని అబద్ధం చెప్పడం. రెండు తప్పులు కలిసి ఒప్పులా నడుస్తాయి. రేపు ఎవరో బోర్డు మీద ఇన్వర్టర్ పెడితే ముడి ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

రీసెట్ తీగ ఐ2సీ ఎక్స్‌పాండర్ (అదనపు పిన్‌లిచ్చే చిప్) మీద ఉంటే దాన్ని కదపడమంటే ఒక ఐ2సీ సంభాషణ, కోడ్ నిద్రపోవాల్సి (ఆగి కాచుకోవాల్సి) రావచ్చు. ముందే కేన్‌స్లీప్ రకం ఫంక్షన్ వాడేయండి, ఏ బోర్డులోనైనా పనికొస్తుంది.

రెండో అడుగు వోల్టేజీలు. రెగ్యులేటర్_బల్క్_ఎనేబుల్ పేరు చూసి, జాబితాలో రాసిన వరసలోనే వెలిగిస్తుందని చాలామంది అనుకుంటారు. అది అన్నిటినీ ఒకేసారి అసింక్‌గా వెలిగిస్తుంది, ఏది ముందు ఎక్కుతుందో చెప్పలేం. డేటాషీట్ "ముందు 1.8, తర్వాత 3.3" అంటే ఒక్కొక్కటి విడిగా వెలిగించండి. వరస అక్కర్లేని చిప్‌కి మాత్రం బల్క్ హాయి.

లాగ్‌లో "డమ్మీ రెగ్యులేటర్ వాడుతున్నాం" అనే లైన్ కనిపిస్తే కొట్టిపారేయకండి. డివైస్ ట్రీలో ఆ సప్లై రాయడం మరిచిపోతే కెర్నల్ ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్ చేతిలో పెడుతుంది. ఎనేబుల్ చేస్తే విజయం అంటుంది, బోర్డు మీద మాత్రం చీమ కూడా కుట్టదు. నిజంగానే ఆ సప్లై కొన్ని బోర్డుల్లో ఉండదంటే ఆప్షనల్ రకం ఫంక్షన్‌తో అడిగి, లేదన్న జవాబుని మీరే చూసుకోండి.

మూడో అడుగు క్లాక్: క్లాక్_ప్రిపేర్_ఎనేబుల్. ఇందులో ప్రిపేర్ భాగం నిద్రపోవచ్చు, కాబట్టి ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి పిలవకూడదు. క్లాక్ రీసెట్‌కి ముందా తర్వాతా అని తగవు వస్తుంటుంది. చిప్ లోపలి రీసెట్ సింక్రనస్ అయితే గడియారం కొట్టుకుంటేనే రీసెట్ సంకేతం ఫ్లిప్‌ఫ్లాప్‌లదాకా చేరుతుంది. గడియారం లేకుండా పట్టి వదిలిన రీసెట్ చిప్‌కి తెలియను కూడా తెలియదు. అందుకే నేను అలవాటుగా రీసెట్ పట్టి ఉంచే క్లాక్ వెలిగిస్తాను, కాస్త ఆగి, అప్పుడు వదులుతాను.

నాలుగో అడుగు వదలడం, ఆగడం. ఆగడానికి ఎఫ్‌స్లీప్ చాలు, ఎంత సమయమో చూసి తగిన పద్ధతి అదే ఎంచుకుంటుంది. ఎంస్లీప్(1) రాసి 1 మిల్లీసెకనే పడుతుందని లెక్కేయకండి, నెమ్మది టిక్కు ఉన్న కెర్నల్‌లో అది 20 దాకా సాగుతుంది. చిప్‌కి నష్టం లేదు గానీ, బూట్ సమయం మీద ఫిర్యాదు వచ్చినప్పుడు మీ పేరే వినిపిస్తుంది.

ఐదో అడుగు ఐడీ రిజిస్టర్ చదవడం. అంకె సరిపోతేనే మిగతా పని. సరిపోకపోతే ఆర్పేసి, చదివిన అంకెని లాగ్‌లో రాసి బయటికి రండి.

మధ్యలో ఏ అడుగు తప్పినా అప్పటిదాకా వెలిగించినవి ఎదురు వరసలో ఆర్పాలి. గోటూ లేబుళ్లు (తప్పు జరిగితే కోడ్ దూకే చోట్లు) చూసి ముక్కు చిట్లించేవాళ్లు ఉంటారు, కెర్నల్‌లో మాత్రం ఇదే నడవడి. ఆర్పడం ముందే రాసి పెట్టుకున్నాం కదా, లేబుళ్ల వరస అందులోంచి దాదాపు ఎత్తి రాసుకోవచ్చు.

రీసెట్ చిప్ లోపలే ఉంటే

ఎస్ఓసీ (ప్రాసెసర్ ఉన్న ప్రధాన చిప్) లోపలి బ్లాకులకు తీగ ఉండదు, రీసెట్ కంట్రోలర్‌లో ఒక బిట్ ఉంటుంది. అడిగేటప్పుడే అది మీ ఒక్కరిదా, ఉమ్మడిదా తేల్చుకోవాలి. ఎక్స్‌క్లూజివ్‌గా తీసుకుంటే అసర్ట్ (పట్టు) అన్న క్షణం రీసెట్ పడుతుంది. షేర్డ్‌గా తీసుకుంటే ఎంతమంది వదలమన్నారో లెక్క ఉంటుంది, ఆఖరివాడు అసర్ట్ అన్నప్పుడే నిజంగా పట్టవచ్చు. కాబట్టి షేర్డ్ రీసెట్‌తో హ్యాంగ్ అయిన హార్డ్‌వేర్‌ని తిరిగి లేపాలని చూడకండి. పక్కవాడు మేలుకొని ఉన్నంతసేపు మీ అసర్ట్ ఉత్త మాట. ఎక్స్‌క్లూజివ్ అడిగితే ఎర్రర్ వస్తోందని షేర్డ్‌కి మార్చి "సరిచేశాను" అనే ప్యాచ్‌లు చూశాను. అలాంటప్పుడు ఆ రెండో వాడకందారు ఎవరో ముందు కనుక్కోండి.

రిజిస్టర్‌లో బిట్ రాశాక ఆ రాత బస్సు బఫర్‌లోనే కూర్చుని ఉండవచ్చు. మీ 10 మైక్రోసెకన్ల ఆగుడు మొదలైపోతుంది, రాత ఇంకా గమ్యం చేరదు. రాసిన రిజిస్టర్‌నే ఒకసారి వెనక్కి చదివితే అది చేరుతుంది, ఆ తర్వాత ఆగండి.

పవర్ డొమైన్ల (కలిసి వెలిగే, కలిసి ఆరే ఎస్ఓసీ భాగాల) సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకే డొమైన్ ఉన్న ప్లాట్‌ఫాం డివైస్‌కి ప్రోబ్ పిలిచేముందే కెర్నల్ దాన్ని అతికించి వెలిగిస్తుంది. రెండో మూడో ఉంటే మీరే అతికించుకోవాలి.

ఈ జంటని రన్‌టైమ్ పీఎంకి అప్పగించడం

ఆన్, ఆఫ్ ఫంక్షన్లు రెండూ తయారయ్యాక వాటిని ప్రోబ్‌లో ఒకచోట, సస్పెండ్‌లో ఒకచోట, ఎర్రర్ దారిలో ఇంకోచోట చల్లకండి. రన్‌టైమ్ పీఎం అంటే వాడనప్పుడు చిప్‌ని నిద్రపుచ్చే కెర్నల్ ఏర్పాటు: రన్‌టైమ్ రెజ్యూమ్‌లో ఆన్, రన్‌టైమ్ సస్పెండ్‌లో ఆఫ్. సిస్టమ్ సస్పెండ్‌కి కూడా పీఎం_రన్‌టైమ్_ఫోర్స్_సస్పెండ్ ద్వారా అదే దారి పట్టించవచ్చు. చిప్ సిస్టమ్‌ని నిద్రలేపే మూలం అయితే మాత్రం ఈ దారి కుదరదు, దాన్ని వెలిగించే ఉంచాలి.

పాత డ్రైవర్లలో పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ కనిపిస్తుంది. అది విఫలమైనా వాడకపు లెక్కని పెంచే ఉంచుతుంది. ఎర్రర్ చూసి వెనక్కి తిరిగితే ఆ లెక్క అలాగే ఉండిపోయి చిప్ ఇక నిద్రపోదు. కెర్నల్ 5.10లో వచ్చిన పీఎం_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ విఫలమైతే లెక్కని తనే తగ్గించుకుంటుంది. కొత్త కోడ్‌లో రెండోదే వాడండి.

కరెంటు పోతే రిజిస్టర్ల విలువలూ పోతాయి. రెగ్‌మ్యాప్ క్యాష్ (రిజిస్టర్ల విలువలకు కెర్నల్ ఉంచుకునే నకలు) వాడుతుంటే ఆర్పేటప్పుడు క్యాష్-ఓన్లీ పెట్టి డర్టీ అని గుర్తు వేయండి, లేచాక సింక్ చేయండి. ఇది మరిచిపోతే చిప్ మొదటిసారి బాగుంటుంది, మొదటి నిద్ర తర్వాత డీఫాల్ట్ విలువలతో లేచి వింతగా ప్రవర్తిస్తుంది.

ఇంటరప్ట్ దగ్గర నాకు బాగా దెబ్బ తగిలింది. డెవ్‌ఎం రకం (తీసుకున్నదాన్ని కెర్నలే తర్వాత విడుదల చేసే) ఫంక్షన్‌తో ఇంటరప్ట్ అడిగి, రిమూవ్‌లో (డ్రైవర్‌ని తీసేసేటప్పటి ఫంక్షన్) చేత్తో పవర్ ఆర్పేశాను. డెవ్‌ఎం వస్తువులు రిమూవ్ ముగిశాకే విడుదలవుతాయి, అంటే చిప్ చచ్చాక కూడా హ్యాండ్లర్ బతికే ఉంది. ఆ సందులో ఒక ఇంటరప్ట్ వచ్చింది, హ్యాండ్లర్ క్లాక్ లేని బ్లాకు రిజిస్టర్ చదివింది, బోర్డు మొత్తం బిగుసుకుపోయింది. లాగ్‌లో చివరి లైన్ కూడా బయటికి రాలేదు. ఇప్పుడు ఆర్పే పనిని డెవ్‌ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో ముందే నమోదు చేసి, ఆ తర్వాతే ఇంటరప్ట్ అడుగుతాను. విడుదల ఎదురు వరసలో జరుగుతుంది కాబట్టి ఇంటరప్ట్ ముందు పోతుంది, కరెంటు తర్వాత. డెవ్‌ఎంనీ చేతి పనినీ కలగలపకపోతే సగం బాధ తీరినట్టే.

షట్‌డౌన్ కాల్‌బ్యాక్ కూడా రాయండి. వార్మ్ రీబూట్‌లో (కరెంటు తీయకుండా మళ్లీ బూట్ చేయడం) చాలా బోర్డుల మీద వోల్టేజీలు పడవు. పాత కెర్నల్ వదిలిన స్థితిలోనే చిప్ కొత్త కెర్నల్‌కి ఎదురుపడుతుంది.

ముప్పై సెకన్ల దయ్యం

బోర్డు లేచింది, అంతా బాగుంది, దాదాపు అర నిమిషం తర్వాత నెట్‌వర్క్ చచ్చింది. ప్రతిసారీ అంతే. బూట్ చివర్లో కెర్నల్ 30 సెకన్లు ఆగి, ఎవరూ ఎనేబుల్ చేయని రెగ్యులేటర్లను ఆర్పేస్తుంది. మీ డ్రైవర్ అడగకుండానే, బూట్‌లోడర్ వెలిగించి వదిలిన వోల్టేజీ మీద చిప్ నడుస్తుంటే ఆ క్షణం దాని ఆయుష్షు తీరుతుంది. తేల్చుకోవడానికి కెర్నల్ కమాండ్ లైన్‌లో రెగ్యులేటర్_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ పెట్టి చూడండి, క్లాక్‌లకూ పవర్ డొమైన్లకూ ఇలాంటివే ఉన్నాయి. జబ్బు ఎక్కడుందో తెలిశాక దాన్ని తీసేసి డ్రైవర్‌కి సరైన సప్లై ఇవ్వండి. రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ అని డివైస్ ట్రీలో రాసి చేతులు దులుపుకుంటే బ్యాటరీ దాని లెక్క అది రాసుకుంటుంది.

ఇంకో చిన్న తికమక: ప్రోబ్ మైనస్ 517తో వెనక్కి రావడం. రెగ్యులేటరో రీసెట్ కంట్రోలరో ఇంకా లేవలేదు, తర్వాత రమ్మని అర్థం. దాన్ని ఎర్రర్‌గా అరవకుండా డెవ్_ఎర్_ప్రోబ్ వాడండి. ఎంతకీ లేవకపోతే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ తన లోపలి స్థితి చూపే ఫైళ్ల చోటు) డివైసెస్_డిఫర్డ్ ఫైల్ చూస్తే ఎవరు ఎవరికోసం కాచుకుని ఉన్నారో తెలుస్తుంది.

వరస డ్రైవర్ చేతిలో లేనప్పుడు

పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఎస్‌డీఐఓ లాంటి బస్సుల మీద పిట్ట ముందా గుడ్డు ముందా అనే చిక్కు ఉంది. చిప్‌కి కరెంటు ఇస్తేగానీ బస్సు మీద కనిపించదు, కనిపిస్తేగానీ డ్రైవర్ ప్రోబ్ కాదు, డ్రైవర్ లేకుండా కరెంటు ఎవరిస్తారు? ఎస్‌డీఐఓకి ఎంఎంసీ-పీడబ్ల్యూఆర్‌సీక్-సింపుల్ అనే నోడ్ ఉంది, రీసెట్ తీగలూ ఆగే సమయమూ అందులో రాస్తే హోస్ట్ చూసుకుంటుంది. ఒకే చిప్‌లో వైఫై పీసీఐ మీద, బ్లూటూత్ సీరియల్ మీద ఉండి, పవర్ ఇద్దరికీ ఉమ్మడి అయిన చోట 2024లో కెర్నల్ 6.11తో వచ్చిన పవర్ సీక్వెన్సింగ్ సబ్‌సిస్టమ్ వాడండి.

పీసీఐ కంట్రోలర్ డ్రైవర్ రాస్తుంటే ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి. కార్డుకి వోల్టేజీ స్థిరపడ్డాక పర్‌స్ట్ (కార్డు రీసెట్ తీగ) వదలడానికి కనీసం 100 మిల్లీసెకన్లు, రిఫరెన్స్ క్లాక్ స్థిరపడ్డాక కనీసం 100 మైక్రోసెకన్లు. వదిలాక కూడా మొదటి కాన్ఫిగ్ రీడ్‌కి మరో 100 మిల్లీసెకన్లు.

పరీక్ష

ఒకసారి బూట్ అయితే పనైందనుకోకండి. నేను సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్, బైండ్ ఫైళ్లతో (డ్రైవర్‌ని చిప్ నుంచి విప్పి మళ్లీ తగిలించేవి) ఒక లూప్ పెట్టి 500 సార్లు తిప్పుతాను. తర్వాత ఆర్‌టీసీవేక్‌తో (బోర్డుని నిద్రపుచ్చి కాసేపటికి లేపే కమాండ్) సస్పెండ్ లూప్, ఆపైన వార్మ్ రీబూట్ లూప్. మూడింట్లో మూడు రకాల తప్పులు బయటపడతాయి: మొదటిదాంట్లో ఎర్రర్ దారులూ లెక్కలూ, రెండోదాంట్లో పోయిన రిజిస్టర్లు, మూడోదాంట్లో పాత స్థితి మీద పెట్టుకున్న నమ్మకాలు.

లూప్ మొదలయ్యేముందు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో రెగ్యులేటర్_సమ్మరీ, క్లాక్_సమ్మరీ రెండూ ఫైల్‌లోకి కాపీ చేసుకోండి, చివర్లో మళ్లీ తీసి డిఫ్ కొట్టండి. వాడకపు లెక్క 1 ఉన్నచోట 501 కనిపిస్తే ఆర్పే దారిలో ఒకచోట జంట తప్పింది. నా టచ్ డ్రైవర్‌కి ఆ డిఫ్ ఖాళీగా వచ్చేసరికి నాలుగో ప్యాచ్ పట్టింది. ఆసిలోస్కోప్ రెండు ప్రోబులూ ఆ రాత్రంతా బోర్డు మీదే ఉంచాను.